మోటార్‌హోమ్ వంటింట్లో ఇండక్షనా, గ్యాసా? రాత్రి మజిలీని బట్టి పొయ్యి ఎంపిక

అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాలు వేసవి సెలవుల్లో ఆర్వీ, అంటే పడకా వంటిల్లూ ఉన్న మోటార్‌హోమ్, అద్దెకు తీసుకొని యెల్లోస్టోన్‌కో గ్రాండ్ కాన్యన్‌కో బయలుదేరడం ఈ మధ్య మామూలు విషయమైంది. బయలుదేరే ముందు ఇంట్లో జరిగే చర్చలో దారి గురించి మాట్లాడుకునేది తక్కువ, వంట గురించి మాట్లాడుకునేది ఎక్కువ. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు వారం రోజులు శాండ్‌విచ్‌లతో సరిపెట్టుకోలేరు, పిల్లలకు కనీసం ఒక పూట పప్పన్నం ఉండాలి, పెద్దవాళ్ళకు తెల్లవారగానే కాఫీ పడాలి. అందుకే బండిలో ఉన్న గ్యాస్ స్టవ్ సరిపోతుందా, ఇంట్లోని ఇండక్షన్ స్టవ్‌ను కూడా వెంట తీసుకువెళ్ళాలా, సొంతంగా కొనాలనుకుంటున్న వ్యానులో గ్యాసే లేకపోతే రేపు ఇబ్బంది పడతామా అన్న ప్రశ్నలు ప్రతి ఇంట్లోనూ వస్తాయి. నా ఉద్దేశంలో పొయ్యి గురించిన ఆలోచన రెండో మెట్టు. రాత్రి బండి ఎక్కడ ఆగుతుందో, అక్కడ కరెంటు ఉంటుందో ఉండదో ముందుగా తేల్చుకుంటే, పొయ్యి చాలావరకు దానంతట అదే తేలుతుంది.

ఈ విషయంలో నేషనల్ పార్కులు చాలామందిని తికమక పెడతాయి. యోసెమిటీ లోపలి క్యాంప్‌గ్రౌండ్లలో ఎక్కడా కరెంటు కనెక్షన్ దొరకదు. యెల్లోస్టోన్‌లో ఒక్క ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్వీ పార్కులోనే కరెంటు, నీరు, మురుగు కనెక్షన్లు మూడూ ఉంటాయి. గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచున ట్రైలర్ విలేజ్‌లో ఆ మూడూ దొరుకుతాయి గానీ, దానికి దగ్గరలోనే ఉన్న మాథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో దొరకవు. పార్కు బయట ప్రైవేటు క్యాంప్‌గ్రౌండ్లలో మాత్రం కరెంటు దాదాపు ఎప్పుడూ ఉంటుంది. కాబట్టి రిజర్వేషన్ చేసుకునేటప్పుడే ప్రతి రాత్రి మజిలీకీ ఎదురుగా కరెంటు ఉందా లేదా అని ఒక కాగితం మీద రాసుకోవడం, పొయ్యిల వివరాలు చదవడం కన్నా ఎక్కువ పనికొస్తుంది.

మన వంటకు ఎంత కరెంటు కావాలి

వాట్లూ ఆంపియర్లూ వినగానే లెక్క వదిలేసేవాళ్ళు ఉంటారు కాబట్టి, మన ఇళ్ళకు వచ్చే కరెంటు బిల్లులోని యూనిట్‌తోనే చెబుతాను. వెయ్యి వాట్ల పొయ్యి గంటసేపు పూర్తిగా మండితే ఒక యూనిట్ ఖర్చవుతుంది. 20 డిగ్రీల వేడిలో ఉన్న లీటరు నీళ్ళను మరిగించడానికి నికరంగా 0.09 యూనిట్ కావాలి. ఇండక్షన్ స్టవ్ తాను తీసుకున్న కరెంటులో సుమారు 85 శాతాన్ని గిన్నెకు అందిస్తుంది కనుక, సాకెట్ దగ్గర అది 0.11 యూనిట్ అవుతుంది. ఈ కొలతతో నలుగురున్న ఇంటి ఒక రోజు వంటను అంచనా వేయవచ్చు. పొద్దున కాఫీకీ ఉప్మాకూ కలిపి 0.35, అన్నానికి 0.25, కుక్కర్లో పప్పుకు 0.3, ఒక కూరకు 0.3, చారుకూ తాలింపుకూ 0.2, సాయంత్రం టీకీ రాత్రి చపాతీలకూ 0.5 అనుకుంటే మొత్తం రెండు యూనిట్లకు కొంచెం అటూ ఇటూగా వస్తుంది. మీ ఇంట్లో వేపుళ్ళు ఎక్కువైతే ఇది పెరుగుతుంది, పెరుగన్నంతో సరిపెట్టుకునే రోజున సగానికి తగ్గుతుంది.

ఇప్పుడు ఈ రెండు యూనిట్ల పక్కన బ్యాటరీనీ సిలిండర్నీ నిలబెట్టి చూడాలి. 12.8 వోల్టుల, వంద ఆంపియర్-అవర్ల లిథియం బ్యాటరీలో ఉండేది 1.28 యూనిట్లు. ఇన్వర్టర్‌లో పోయేదీ పొయ్యిలో పోయేదీ తీసివేస్తే గిన్నెకు చేరేది సుమారు ఒక్క యూనిట్. ఇరవై పౌన్ల ప్రొపేన్ సిలిండర్, అంటే తొమ్మిది కిలోల గ్యాసు, సుమారు 126 యూనిట్ల వేడిని దాచుకొని ఉంటుంది. గ్యాసు మంటలో గిన్నెకు చేరేది 40 శాతమే అనుకున్నా యాభై యూనిట్లు నికరంగా మిగులుతాయి. అంటే పదిహేను, ఇరవై డాలర్లకు నిండే ఒక్క సిలిండర్ వంట విషయంలో యాభై లిథియం బ్యాటరీల పని చేస్తుంది, పైన చెప్పిన ఇంటికి దాదాపు నెల రోజులు వస్తుంది. గ్యాసుకు కాలం చెల్లిందని చెప్పేవాళ్ళు ఈ ఒక్క లెక్కను ఎందుకో దాటేస్తారు. ఇండక్షన్‌ను ఎంచుకోవడానికి మంచి కారణాలు చాలానే ఉన్నాయి, కానీ డబ్బు ఆదా వాటిలో చేరదు. క్యాంప్‌గ్రౌండ్ అద్దెలోనే కరెంటు కలిసివచ్చే రాత్రులు మాత్రం దీనికి మినహాయింపు.

కరెంటు ఉన్న చోట

క్యాంప్‌గ్రౌండ్ స్తంభం దగ్గర సాధారణంగా రెండు రకాల కనెక్షన్లు ఉంటాయి. 30 ఆంపియర్ల కనెక్షన్ 120 వోల్టుల దగ్గర మొత్తం 3,600 వాట్లు ఇస్తుంది. 50 ఆంపియర్లది రెండు తీగల మీద వస్తుంది కనుక 12,000 వాట్ల వరకు ఇస్తుంది, ఆ కనెక్షన్‌కు తగిన పెద్ద బండి మీదైతే వంట విషయంలో ఆలోచించవలసింది ఏమీ లేదు. అద్దెకు దొరికే క్లాస్ సి బండ్లలో, అంటే ట్రక్కు లేదా వ్యాను చట్రం మీద కట్టిన మధ్యరకం మోటార్‌హోమ్‌లలో, ఎక్కువ భాగం 30 ఆంపియర్లవే, చిక్కంతా అక్కడే వస్తుంది. పైకప్పు మీది ఏసీ నడుస్తున్నప్పుడు 1,300 నుంచి 1,600 వాట్లు తీసుకుంటుంది. ఇండక్షన్ పూర్తి వేగంలో 1,800 వాట్లు లాగుతుంది. ఈ రెండూ ఎలాగో సర్దుకుంటాయి గానీ, వేడినీళ్ళ ట్యాంకును కూడా కరెంటు మీద పెట్టి ఉంటే అది మరో 1,400 వాట్లు అడుగుతుంది, అంతటితో బ్రేకర్ పడిపోతుంది. టెక్సస్ ఎండలో ఒక మధ్యాహ్నం సరిగ్గా మా పప్పు మూడో కూతకు వచ్చే వేళకు ఇది జరిగింది. తప్పు ఎక్కడుందో తెలియక నేను బండి చుట్టూ రెండుసార్లు తిరిగాను, చివరకు చూస్తే వేడినీళ్ళ స్విచ్ వేసి ఉంది. అప్పటినుంచి వంట మొదలుపెట్టే ముందు ఆ స్విచ్ తీసివేయడం మా ఇంట్లో బియ్యం కడగడం లాంటి అలవాటైంది.

మనవాళ్ళకు ప్రత్యేకంగా ఎదురయ్యే సందర్భం ఇంకొకటి ఉంది. దారిలో ఏదో ఊళ్ళో స్నేహితుల ఇంటి ముందు బండి ఆపి, వారి గరాజు సాకెట్ నుంచి తీగ లాగుతాము. ఆ సాకెట్ సాధారణంగా 15 ఆంపియర్లదే, అంటే గరిష్ఠంగా 1,800 వాట్లు. ఎక్కువసేపు లాగేటప్పుడు అందులో 80 శాతాన్ని, అంటే 1,440 వాట్లను దాటకూడదు. అదే తీగ మీద బండిలోని బ్యాటరీ చార్జర్ కూడా ఆధారపడి ఉంటుంది కనుక ఇండక్షన్‌ను వెయ్యి వాట్ల దగ్గర ఉంచి వండుకోవాలి, ఏసీ జోలికి పోకూడదు. సన్నని, పొడవాటి ఎక్స్‌టెన్షన్ తీగ వాడితే అది చేతికి వేడిగా తగులుతుంది. అలా తగిలిందంటే ఆ పూటకు గ్యాసు వెలిగించుకోవడమే మేలు, లేదా స్నేహితుల వంటింట్లోకి వెళ్ళడం ఇంకా మేలు.

ఈ జాగ్రత్తలతో చూస్తే, కరెంటు ఉన్న చోట ఇండక్షన్ గ్యాసు కన్నా స్పష్టంగా ముందుంటుంది. బండిలో ఉండే గ్యాస్ స్టవ్ పెద్ద బర్నర్ గంటకు 9,000 బీటీయూల, అంటే సుమారు 2,600 వాట్ల, దరిదాపుల్లో ఉంటుంది, అందులో గిన్నెకు చేరేది వెయ్యి వాట్లకు మించదు. ఇండక్షన్ ఒకటిన్నర వేల వాట్లను గిన్నె అడుగుకే అందిస్తుంది కాబట్టి లీటరు నీళ్ళు నాలుగైదు నిమిషాల్లో మరుగుతాయి. ఆరిజోనా వేసవిలో దీనికి మరో విలువ ఉంది. గ్యాసు మంటలో గిన్నెకు చేరని వేడి అంతా ఆ ఇరుకు గదిలోకే వస్తుంది, ఏసీ దానితో పోరాడాలి. ఇండక్షన్‌లో అలా వృథాగా వచ్చేది అందులో ఐదో వంతు కూడా ఉండదు.

కరెంటు లేని చోట

కరెంటు లేని చోట ఇండక్షన్ నడవాలంటే జనరేటరైనా ఉండాలి, తగినంత బ్యాటరీ అయినా ఉండాలి. అద్దె బండ్లలో జనరేటర్ ఉంటుంది, తరచు 4,000 వాట్లది. దాన్ని నడిపిన గంటకు ఇంత అని విడిగా వసూలు చేసే ఒప్పందాలు ఉంటాయి, కనుక ఒప్పందం చదువుకోవాలి. అంతకన్నా పెద్ద అడ్డంకి వేళలు. యోసెమిటీలో జనరేటర్‌ను పొద్దున 7 నుంచి 9 వరకు, మధ్యాహ్నం 12 నుంచి 2 వరకు, సాయంత్రం 5 నుంచి 7 వరకు మాత్రమే నడపనిస్తారు. నడకకు పోయి ఎనిమిదింటికి తిరిగివచ్చే కుటుంబానికి ఆ వేళలు ఎందుకూ పనికిరావు. ఎత్తు కూడా జనరేటర్ మీద ప్రభావం చూపుతుంది. గాలి పలచబడే కొద్దీ ప్రతి వెయ్యి అడుగులకు దాని శక్తి సుమారు మూడున్నర శాతం తగ్గుతుంది, అందువల్ల యెల్లోస్టోన్ లాంటి 7,700 అడుగుల ఎత్తులో 4,000 వాట్ల జనరేటర్ మూడు వేల వాట్లే ఇవ్వగలదు. ఏసీ ఆపి వండితే సరిపోతుంది. ఆ ఎత్తులో ఏసీ అవసరం కూడా తక్కువే.

బ్యాటరీ సంగతికి వస్తే, అద్దె బండ్లలో చాలావాటిలో ఇప్పటికీ సీసపు బ్యాటరీలే ఉంటాయి, ఇన్వర్టర్ ఉన్నా అది టీవీకీ ఫోన్లకూ సరిపడేంత చిన్నది. 1,800 వాట్ల పొయ్యి 12 వోల్టుల బ్యాటరీ నుంచి లాగే ప్రవాహం 150 ఆంపియర్లు దాటుతుంది. సీసపు బ్యాటరీ మీద అంత బరువు పడితే దాని వోల్టేజీ నిమిషాల్లో కుంగిపోతుంది, ఇన్వర్టర్ కూత పెట్టి ఆగిపోతుంది. పైగా ఆ బ్యాటరీలో సగం మాత్రమే వాడుకోవాలి, మిగతా సగం ముట్టుకుంటే దాని ఆయుష్షు తరుగుతుంది. కాబట్టి అద్దె బండిలో, కరెంటు లేని రాత్రి, ఇండక్షన్ మీద ఆధారపడడం అనే ఆలోచనను మొదటే వదులుకోవడం మంచిది.

సొంత బండిలో లిథియం బ్యాటరీలు పెట్టుకున్నవారి లెక్క వేరు. రోజుకు సాకెట్ దగ్గర రెండు యూనిట్లు కావాలంటే, ఇన్వర్టర్ నష్టం కలుపుకొని బ్యాటరీ నుంచి రెండుంబావు యూనిట్లు పోతాయి. 200 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో ఉండేదే 2.56 యూనిట్లు. వంట అయ్యేసరికి రాత్రి హీటర్ ఫ్యానుకు గానీ, నీళ్ళ పంపుకు గానీ, ఫ్రిజ్‌కు గానీ మిగిలేది దాదాపు ఏమీ ఉండదు. అందువల్ల గ్యాసును పూర్తిగా మానదలచిన వారికి 400 ఆంపియర్-అవర్లు, ఇంటి కరెంటు లాంటి నునుపైన అలను ఇచ్చే 3,000 వాట్ల ప్యూర్ సైన్ ఇన్వర్టర్, దానికి తగిన లావు తీగలు, సరైన ఫ్యూజు కనీస అవసరమని నేను భావిస్తాను. మెట్లుమెట్లుగా ఉండే అలను ఇచ్చే చవక రకం మాడిఫైడ్ సైన్ ఇన్వర్టర్‌ను ఇండక్షన్‌కు వాడకూడదు, పొయ్యి సరిగా నడవదు సరికదా చెడిపోయే ప్రమాదం కూడా ఉంది.

ఆ ఖర్చైన శక్తిని మళ్ళీ నింపుకోవడం గురించి అందరూ సోలార్ పలకలనే తలుస్తారు. 400 వాట్ల పలకలు మంచి ఎండ రోజున రెండు యూనిట్ల దగ్గరకు ఇస్తాయి, అది వంటకు సరిపోతుంది. ఉత్తర కాలిఫోర్నియా రెడ్‌వుడ్ చెట్ల కింద ఆగితే అందులో పావు వంతు కూడా రాకపోవచ్చు. నాకు మాత్రం సోలార్ కన్నా ఇంజన్ నుంచి చార్జ్ చేసే పరికరం ఎక్కువ నమ్మకమైనదిగా కనిపిస్తుంది. డీసీ-డీసీ చార్జర్ అనే ఈ పరికరం 40 ఆంపియర్లదైతే సుమారు 500 వాట్లు ఇస్తుంది, నాలుగు గంటలు బండి నడిపితే ఒక రోజు వంటకు కావలసిన రెండు యూనిట్లు బ్యాటరీలో చేరతాయి. రోజూ ఊరు మారే కుటుంబానికి ఇది చక్కగా కుదురుతుంది. ఒకేచోట నాలుగు రోజులు కూర్చునేవారికి కుదరదు.

ఇంకొక సూక్ష్మమైన విషయం కొనేముందు చూసుకోవాలి. చవక ఇండక్షన్ స్టవ్‌లలో చాలావాటికి తక్కువ మంట నిజంగా ఉండదు. 300 వాట్లు అని అంకె చూపిస్తూనే, వెయ్యి వాట్లను కొన్ని క్షణాలు ఇచ్చి, కొన్ని క్షణాలు ఆపి సగటు తెస్తాయి. ఇంట్లో అది పెద్దగా తెలియదు. చిన్న ఇన్వర్టర్ మీద మాత్రం తక్కువ మంటే కదా అని ధైర్యం చేస్తే, ఆ వెయ్యి వాట్ల ఊపుకు అది ఆగిపోతుంది, పాలు కూడా అదే కారణంగా పొంగి అడుగంటుతాయి. తక్కువ మంటలో నిరంతరంగా నడిచే రకం కొంచెం ఖరీదైనా, బ్యాటరీ మీద వండేవారు దానికే వెళ్ళాలి.

మన వంట ఏ పొయ్యి మీద కుదురుతుంది

ఇండక్షన్ పనిచేసేది గిన్నె అడుగులోని ఇనుముతో. అయస్కాంతం గట్టిగా అంటుకుంటే గిన్నె పనికొస్తుంది, లేకపోతే లేదు. ఇండియా నుంచి సూట్‌కేసులో వచ్చిన అల్యూమినియం కుక్కర్, అమ్మమ్మ ఇచ్చిన ఇత్తడి గిన్నె, రాగి చెంబు, కొన్ని రకాల స్టీలు గిన్నెలు దాని మీద చలనం లేకుండా కూర్చుంటాయి. హాకిన్స్, ప్రెస్టీజ్ లాంటి కంపెనీలు ఇండక్షన్ అడుగు ఉన్న కుక్కర్లను విడిగా అమ్ముతున్నాయి, పెట్టె మీద ఆ మాట ఉందో లేదో చూసి కొనుక్కోవాలి. కుక్కర్ సరే, ఇండియాలో కొన్న ఇండక్షన్ స్టవ్‌నే తెచ్చుకున్నవారు కూడా నాకు తెలుసు. అది 230 వోల్టులకు తయారైన వస్తువు, ఆర్వీలోని 120 వోల్టుల సాకెట్ మీద నడవదు, దానికోసం ట్రాన్స్‌ఫార్మర్ మోసుకుపోవడం దండగ.

పప్పు, అన్నం, సాంబారు, చారు, పులుసు లాంటి కుక్కర్, గిన్నె వంటలన్నీ ఇండక్షన్ మీద గ్యాసు మీద కన్నా బాగా వస్తాయి. కూత వచ్చాక 400 వాట్లకు తగ్గిస్తే కుక్కర్ నిశ్శబ్దంగా ఉడుకుతుంది, దగ్గర నిలబడవలసిన పని లేదు. తాలింపు దగ్గర మాత్రం చేయి అలవాటు పడాలి. పలచని గిన్నెలో నూనె క్షణాల్లో కాగిపోతుంది, ఆవాలు చిటపటమనే లోపే ఎండుమిర్చి నల్లబడుతుంది. నూనె, ఆవాలు వేసి 600 వాట్ల దగ్గర మొదలుపెట్టడం క్షేమం. చిన్న తాలింపు గరిటెను చాలా స్టవ్‌లు గుర్తించవు, అడుగు నాలుగైదు అంగుళాలైనా లేకపోతే గిన్నె పెట్టలేదని కూత పెడతాయి. గుండ్రటి అడుగున్న బాణలికీ ఇదే గతి.

దోసె విషయంలో నా అభిప్రాయం కొంచెం కఠినంగా ఉంటుంది. ప్రయాణానికి పనికొచ్చే చిన్న ఇండక్షన్ స్టవ్‌లలో తీగచుట్ట వ్యాసం సాధారణంగా ఆరేడు అంగుళాలే. పన్నెండు అంగుళాల పెనం పెడితే నడుమ దోసె మాడుతుంది, అంచులు తెల్లగా మెత్తగా ఉండిపోతాయి. మందమైన ఇనుప పెనాన్ని తక్కువ మంటలో పది నిమిషాలు కాచి, చిన్న దోసెలు పోసుకుంటే తినదగినట్టుగా వస్తాయి. ఆకలితో నిలబడ్డ నలుగురికి పెద్ద దోసెలు పోయాలంటే గ్యాసే కావాలి. పుల్కా పొంగించడానికి, అప్పడం కాల్చడానికి, పచ్చడికి వంకాయ కాల్చడానికి మంట లేకుండా దారి లేదు. చపాతీని పెనం మీదే కాల్చుకునేవారికి ఈ బాధ లేదు.

ఎత్తు ప్రదేశాల్లో కుక్కర్ లేకుండా పప్పు వండబూనడం ఏ పొయ్యి మీదైనా పొరపాటే. యెల్లోస్టోన్ ఎత్తులో నీళ్ళు 92 డిగ్రీలకే మరుగుతాయి, కందిపప్పు గంట ఉడికినా పలుకుగానే ఉంటుంది. కుక్కర్ లోపల కూడా వేడి ఇంట్లో కన్నా నాలుగైదు డిగ్రీలు తక్కువే ఉంటుంది కనుక రెండు కూతలు అదనంగా రానివ్వాలి. గిన్నెకు అందే వేడి విషయంలో ఇండక్షన్‌కు ఎత్తుతో పని లేదు. గ్యాసు మంట మాత్రం పలచని గాలిలో కొంత బలహీనపడుతుంది.

ఇక్కడే మూడో ఎంపికను కూడా ప్రస్తావించాలి. ఇన్‌స్టంట్ పాట్ లాంటి కరెంటు ప్రెషర్ కుక్కర్ ఆరు క్వార్ట్‌లది (ఒక క్వార్ట్ లీటరుకు కొంచెం తక్కువ) వెయ్యి వాట్లు, మూడు క్వార్ట్‌లది 700 వాట్లు మాత్రమే తీసుకుంటుంది, ఆవిరి పట్టిన తర్వాత మధ్యమధ్య కొద్దిసేపే కరెంటు లాగుతుంది. పప్పు, అన్నం, సాంబారు, పొంగలి చేసుకునే ఇంటికి బ్యాటరీ మీద ఇండక్షన్ కన్నా ఇదే తక్కువ భారం. పైగా బండిలో ఉన్న గిన్నెలతో నిమిత్తం లేదు. నాకు ఒకే కరెంటు వస్తువు తీసుకువెళ్ళే చోటుంటే దీన్నే తీసుకువెళ్తాను, తాలింపును గ్యాసు మీద పెట్టుకుంటాను.

గాలీ, తేమా, భద్రతా

గ్యాసు మండినప్పుడు నీటి ఆవిరి పుడుతుంది. ఒక పౌను ప్రొపేన్ మండితే ఒకటిన్నర పౌనుకు పైగా నీరు గాలిలో చేరుతుంది, దానికి సాంబారు ఆవిరి తోడైతే చలి రాత్రి కిటికీల అద్దాల నుంచి నీళ్ళు కారతాయి, పరుపుల కింద తేమ చేరుతుంది. ఈ బాధ ఇండక్షన్‌లో సగానికి పైగా తగ్గుతుంది. గ్యాసు సరిగా మండనప్పుడు పుట్టే, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు సంగతి ఇంకా ముఖ్యమైనది. గ్యాసు వెలిగించినంతసేపూ పైకప్పు ఫ్యానూ ఒక కిటికీ తెరిచి ఉంచాలి, చలి వేసినా స్టవ్‌ను గది వేడి చేయడానికి వాడకూడదు. ప్రొపేన్ గాలి కన్నా బరువు కనుక దాన్ని పసిగట్టే అలారం నేలకు దగ్గరగా ఉంటుంది. పెట్టెలు అడ్డుపెట్టి దాన్ని మూసివేయకూడదు, దాని మీద ఉండే గడువు తేదీ కూడా చూడాలి. పెట్రోలు పోయించుకునేటప్పుడు గ్యాసు వాల్వు కట్టేయాలి. బాల్టిమోర్‌లోని రెండు సొరంగాల్లోకి ప్రొపేన్ సిలిండర్లున్న ఆర్వీలను అనుమతించరు, కాబట్టి తూర్పు తీరంలో తిరిగేవారు దారిని ముందే చూసుకోవాలి. మిరపకాయ ఘాటును మాత్రం ఏ పొయ్యీ తగ్గించదు. పొగ అలారం మోగకుండా తాలింపు పెట్టాలంటే బయట బల్ల మీద చిన్న క్యాంప్ స్టవ్ వెలిగించుకోవడమే సుఖం. ఆ స్టవ్‌కు ప్రొపేన్ డబ్బా కొనండి. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం మానేస్తుంది, ప్రొపేన్ సున్నాకు 42 డిగ్రీలు కింద కూడా ఆవిరవుతుంది. ఎలుగుబంట్లు తిరిగే పార్కుల్లో బయట వండినప్పుడు గిన్నెలూ స్టవ్వూ అన్నీ వెంటనే లోపల పెట్టేయాలి.

ఇండక్షన్‌కు ఉన్న ఒక జాగ్రత్తను పెద్దవాళ్ళున్న ఇళ్ళలో మరచిపోతారు. పేస్‌మేకర్ ఉన్నవారు నడుస్తున్న ఇండక్షన్‌కు కనీసం రెండడుగుల దూరంలో ఉండాలి. ఆర్వీ వంటింట్లో బల్లకూ పొయ్యికీ మధ్య అంత దూరం ఉండకపోవచ్చు, అటువంటి ఇంట్లో వారి డాక్టరును అడిగి తీరాలి, సందేహం ఉంటే గ్యాసే వాడాలి.

ఎవరికి ఏది

వారం రోజులకు అద్దెకు తీసుకునేవారు బండిలోని గ్యాస్ స్టవ్‌నే ప్రధానంగా పెట్టుకొని, కరెంటు ఉన్న రాత్రులు సగానికి మించి ఉంటే ఇంట్లోని ఇండక్షన్‌ను గానీ కరెంటు కుక్కర్‌ను గానీ వెంట తీసుకువెళ్ళాలి. ఒక్క రాత్రే కరెంటు ఉంటే రెండూ వద్దు. సొంత క్లాస్ సి బండి ఉండి ఎక్కువగా ప్రైవేటు క్యాంప్‌గ్రౌండ్లలో ఆగేవారికి ఉన్న గ్యాసును తీయించవలసిన అవసరం లేదు. అరవై నుంచి నూట ఇరవై డాలర్ల ఇండక్షన్ స్టవ్‌ను డ్రాయర్లో పెట్టుకొని, వంటలో ఎక్కువ భాగాన్ని దాని మీదికి మార్చుకుంటే చాలు. ఒక మంట, ఒక ఇండక్షన్ పక్కపక్కన ఉంటే పప్పు ఒక దాని మీద, తాలింపు మరో దాని మీద సాగుతాయి. ఇంతకన్నా సుఖమైన ఏర్పాటును నేను చూడలేదు.

గ్యాసు లేకుండా ఇండక్షన్ మాత్రమే ఉండే వ్యాన్లు, విన్నెబాగో రెవెల్ లాంటివి, ఇద్దరు ప్రయాణించడానికి మంచివే. దంపతులిద్దరే ఉండి, రోజూ బండి కదిలి, ఒక పూట పూర్తి వంట, ఒక పూట తేలిక భోజనం చేసేవారికి వాటిలోని బ్యాటరీ సరిపోతుంది. అమ్మానాన్నలతో, పిల్లలతో కలిపి ఆరుగురికి మూడు పూటలా వండాలనుకునేవారు ఆ వ్యాను కొనకూడదని నిర్మొహమాటంగా చెబుతాను. ఒకే గిన్నె పట్టే పొయ్యి మీద ఆరుగురి భోజనం రెండు గంటల పని. రెండు గిన్నెలు పట్టే ఇండక్షన్ అని అమ్మేవాటిలో కూడా 120 వోల్టుల రకమైతే రెండింటికీ కలిపి 1,800 వాట్లే ఉంటాయి, ఒకటి పెంచితే మరొకటి తగ్గుతుంది.

యూరప్‌లో ఉన్న తెలుగువారు ఇదే లెక్కను 230 వోల్టులతో వేసుకోవాలి. ఫ్రాన్స్‌లో చాలా క్యాంప్‌సైట్లు ఆరు ఆంపియర్లే ఇస్తాయి, అది 1,380 వాట్లు. అక్కడ ఇండక్షన్‌ను వెయ్యి వాట్ల దగ్గరే ఆపుకోవాలి.

బండి తాళాలు తీసుకునే రోజున వంటింటి సాకెట్‌ను తప్పక పరీక్షించండి. కొన్ని బండ్లలో వంటగట్టు దగ్గరి సాకెట్, మైక్రోవేవ్ రెండూ ఒకే బ్రేకర్ మీద ఉంటాయి. అద్దె కేంద్రం ఆవరణలోనే బండికి కరెంటు ఇప్పించి, లీటరు నీళ్ళు పెట్టి మరిగే వరకు చూడండి, ఆ సమయంలోనే మైక్రోవేవ్ కూడా ఒక నిమిషం వేయండి. బ్రేకర్ పడితే అది ఎక్కడుందో, దాన్ని ఎలా లేపాలో బండి చూపించే మనిషి అక్కడే చూపిస్తాడు. గ్యాసు కూడా మూడు బర్నర్లూ వెలిగించి చూసి, ట్యాంకులో ఎంతుందో సూచికలో చదివి కాగితం మీద రాయించుకొని బయలుదేరండి.